గాజులు తాకట్టు పెట్టే ముందు ఆ కాంట్రాక్టు కాపీ తెప్పించుకోండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయనకు 32 ఏళ్లు, ఫుట్‌బాల్‌లో డిఫెండర్. గోవాలో, కోల్‌కతాలో చిన్న క్లబ్బులకు ఆడి, తర్వాత మాల్దీవులు, భూటాన్ వెళ్లారు. ఇప్పుడు గల్ఫ్‌లో కింది డివిజన్ క్లబ్బుకి ఆడుతున్నారు. ఏడాదికో ఊరు. సంతకం పెట్టాకే నాకు చెబుతారు. ఈసారి మూడు నెలలుగా జీతం పడలేదు. ఎవరో ఏజెంటు ఇంకో దేశంలో ట్రయల్స్ ఉన్నాయని లక్షన్నర అడిగాడట, నా గాజులు తాకట్టు పెట్టి పంపమంటున్నారు. మామగారేమో ‘ఇంకెన్నాళ్లీ బంతాట, వచ్చి రొయ్యల చెరువు చూసుకోమను’ అని నన్ను పోరుతున్నారు. ఊళ్లో వాళ్లు ‘మీ ఆయన ఆట టీవీలో రాదేం?’ అంటుంటే తల కొట్టేసినట్టుంటోంది. మానేసి రమ్మని చెప్పొచ్చా?

జవాబు: అమ్మా, ముందు గాజుల సంగతి. ఇవ్వకండి. మీ ఆయన మీద నమ్మకం లేక అనడం లేదు, ఆ ఏజెంటు అడిగిన తీరు నాకు నచ్చలేదు. ఆటగాడు నిజంగా కావాలనుకున్న క్లబ్బు ముందు ఆఫర్ లెటర్ పంపుతుంది, టికెట్ గురించి, బస గురించి మాట్లాడుతుంది. ఏజెంటు కమీషన్ మాట కాంట్రాక్టు కుదిరాక వస్తుంది. వీసా పేరు చెప్పి ముందే డబ్బు పట్టుకుని మాయమైన వాళ్ల కథలు కోనసీమలో మీకు నేను చెప్పాలా? ఇదీ ఆ బాపతే కావచ్చు. అతనికి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఇచ్చే ఏజెంటు లైసెన్సు ఉందో లేదో మీ ఆయన ఫిఫా వెబ్‌సైట్‌లో పేరు వెతికి చూసుకోవచ్చు. లైసెన్సు లేకపోతే మాట అక్కడితో ఆపేయమనండి.

ఇక రావలసిన జీతం. చేతిలో సంతకాలున్న కాంట్రాక్టు ఉందా అని ఈ రాత్రే అడగండి. ఉంటే దారి ఉంది. ఫిఫా నిబంధనల ప్రకారం కనీసం రెండు నెలల జీతం బాకీ పడితే, ఆటగాడు క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలి. అప్పటికీ కట్టకపోతే కాంట్రాక్టు తెంచుకోవచ్చు. ఆ నోటీసు లేకుండా కోపంలో బ్యాగు సర్దుకుని విమానం ఎక్కేస్తే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. సీజన్ మధ్యలో వదిలిపోయాడని క్లబ్బే ఎదురు తిరగొచ్చు. విదేశీ ఆటగాళ్ల బాకీ గొడవలు ఫిఫా ట్రిబ్యునల్‌కు వెళ్తాయి. అక్కడ ఆటగాడు ఫీజు కట్టనక్కర్లేదు, కానీ బాకీ పడి రెండేళ్లు దాటితే కేసు తీసుకోరు. ‘క్లబ్బుతో గొడవెందుకు, పేరు చెడుతుంది’ అని నానబెడితే నష్టం ఆయనకే.

కాంట్రాక్టు కాపీ, బ్యాంకు స్టేట్‌మెంటు, ‘వచ్చే వారం వేసేస్తాం’ అని మేనేజరు పెట్టిన వాట్సాప్ మెసేజీల స్క్రీన్‌షాట్లు, అన్నీ మీ ఫోన్‌కి కూడా పంపించుకోండి. నోటీసు ఎలా రాయాలో మన ఆటగాళ్ల సంఘం, ఫుట్‌బాల్ ప్లేయర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వాళ్లను అడగొచ్చు. 2006 నుంచి ఉన్న సంఘం అది.

టీవీ మాటకి మీరు తల దించుకోవలసిన పనేమీ లేదు. ఇండియా జట్టులో పేరున్న డిఫెండర్ సందేశ్ జింగన్ 2021లో క్రొయేషియా క్లబ్బుకు వెళ్లాడు. గాయమై, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే కొన్ని నెలలకు తిరిగొచ్చాడు. అంతటివాడికే బయట నిలబడడం అంత కష్టమైంది. పేరు లేని మీ ఆయన్ని ఇన్నేళ్లుగా ఎక్కడో ఒకచోట పిలిచి ఆడిస్తున్నారంటే పని వచ్చినవాడనే కదా. అడిగినవాళ్లకు ‘అక్కడ ఉద్యోగం చేస్తున్నారండి’ అని చెప్పి ఊరుకోండి, అబద్ధమేమీ కాదు.

మానేసి రమ్మని చెప్పొచ్చా అంటే, చెప్పే హక్కు మీకుంది. నేనైతే ఇప్పుడే ఆ మాట అనను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ‘సంతకం పెట్టాకే నాకు చెబుతారు’ అన్న ముక్క. మీ చుట్టుపక్కల గల్ఫ్‌లో భర్తలున్న ఆడవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లకు ఎన్నాళ్లు ఉంటాడో, నెలకు ఎంత పంపుతాడో సుమారుగానైనా తెలుసు. మీకు అదీ లేదు. ఆయన కాంట్రాక్టు సీజన్ వరకే అయితే ఆ తర్వాత జీతం ఉండదు, ఇంటి ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. ఆ ఖాళీ నెలలను ఇన్నాళ్లూ మీరే ఎలాగో పూడుస్తూ వచ్చారనుకుంటాను. కాబట్టి ‘ఎప్పుడు మానేస్తావు’ అని కాకుండా, ‘ఇకమీద నేను కాగితం చూడకుండా సంతకం వద్దు’ అని అడగండి. ఇది ఆయన కాదనలేని మాట.

రెండో మాట, గడువు. డిఫెండర్‌కు పరుగు కాస్త తగ్గినా ఆట చదవడం తెలిస్తే మరో రెండు మూడేళ్లు నెట్టుకురావచ్చు, మోకాళ్లు సహకరిస్తే. 34 అనుకోండి, 35 అనుకోండి, ఇద్దరూ కలిసి ఒక అంకె పెట్టుకోండి. ఈలోగా సెలవుల్లో వచ్చినప్పుడు కోచింగ్ లైసెన్సు మొదలుపెట్టమనండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి నుంచి మొదలుపెట్టి సి, బి, ఎ అని మెట్లుగా ఇస్తుంది. బడిలో వ్యాయామ టీచరు అవ్వాలన్న ఆలోచన ఉంటే బీపీఎడ్ లాంటి చదువు కావాలి. ఎన్ని దేశాల్లో ఆడినా ఆ సర్టిఫికెట్ లేకపోతే దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు.

చెరువు సంగతి. మామగారి ఆలోచన తప్పని అనను. కానీ సీడు, మేత, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ల కరెంటు బిల్లు, అన్నీ పెట్టాక వైట్‌స్పాట్ అనే రొయ్యల రోగం తగిలితే పంట మొత్తం పోతుంది. అర్ధరాత్రి కరెంటు పోతే లేచి జనరేటర్ దగ్గరికి పరుగెత్తే మనిషి కావాలి. మనసు లేకుండా, తండ్రి పోరు పడలేక దిగినవాడు ఎన్నాళ్లు పరుగెత్తుతాడు? పైగా జీతం బాకీతో, అప్పుతో అందులో దిగడం ఇంకా ప్రమాదం. ఈ విషయంలో మీరు మధ్యవర్తి కావద్దు. మామగారు మళ్లీ అడిగితే ‘మీ అబ్బాయి వచ్చాక మీరిద్దరూ మాట్లాడుకోండి మామయ్యగారూ’ అనండి. ఆయనకు జవాబు చెప్పవలసింది కొడుకు, కోడలు కాదు.