ఆక్రమణదారా, పోడు రైతా? ఒక్క మనిషికే రెండు పేర్లు

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ములుగు దిక్కు ఊరు, హన్మకొండల డిగ్రీ చదువుతున్న. మా నాయన పోడు చేస్తడు, అంటే అడవి భూమిల సాగు. మా ఊరి గొడవ మీద ఒక పేపర్ల "అటవీ భూమి ఆక్రమణదారులపై కేసులు" అని వేసిన్రు, అదే రోజు ఇంకో పేపర్ల "పోడు రైతులపై కేసులు" అని వచ్చింది. నాకు మస్తు బాధయింది. మా దోస్తేమో రెండిట్ల అబద్ధమైతే లేదు గదా, ఎందుకు ఫీలైతవ్ అంటుండు. నిజంగ తేడా లేదా?
– ఒక స్టూడెంట్, ములుగు జిల్లా

జవాబు: ఉన్నది తమ్ముడూ, చానా ఉన్నది. మీ దోస్తు అన్నదాంట్ల ఒక ముక్క కరెక్టే, రెండు మాటలు చూపించేది ఒక్క మనిషినే. కానీ రైతు అనంగనే నాగలి, పంట, అప్పు యాదికొస్తయి, ఆక్రమణదారు అనంగనే రాత్రికి రాత్రి కంచె పీకి షెడ్డు వేసేటోడు కండ్ల ముందట నిలవడతడు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఆక్రమణదారు అని రాసినంక ఆ భూమి మీ నాయనది కాదని తీర్పు అయిపోయినట్టే, ఎప్పటిసంది దున్నుతుండు, దరఖాస్తు పెట్టిండా, గ్రామసభ ఏం తీర్మానం చేసింది, ఇవేవీ అడిగే పనే లేకుండ హెడ్డింగే జడ్జి కుర్చీల కూసుంటది.

న్యాయంగ చెప్పాల్నంటే "పోడు రైతు" సుత మొగ్గు ఉన్న మాటే. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి సాగుల ఉన్న భూమికే వర్తిస్తది, గిరిజనేతరులైతే 75 ఏండ్ల నుంచి అక్కడ్నే ఉన్నట్టు చూపించాలె. నిన్నగాక మొన్న చెట్లు నరికినోన్ని సుత అదే పేరుతోని పిలిస్తే ఆ సంగతి కనపడకుండ పోతది.

ఇంకోటి చూడు. 2006ల వచ్చిన ఆ చట్టం పేర్లనే "హక్కుల గుర్తింపు" అని ఉన్నది, అడవిల బతికేటోళ్ళకు చారిత్రకంగ అన్యాయం జరిగిందని దాని పీఠికల్నే ఒప్పుకున్నరు. గుర్తింపు అంటే హక్కు ముందటి నుంచే ఉన్నది, సర్కారు ఇప్పుడు ఒప్పుకుంటున్నది అని. మరి మీటింగుల బ్యానర్ మీదేమో "పోడు పట్టాల పంపిణీ" అని రాస్తరు. పంపిణీ అంటే ఇచ్చేటోని చెయ్యి పైన, తీసుకునేటోని చెయ్యి కింద. కాయితం అదే, భూమి అదే, కానీ హక్కుదారు కాస్తా దండం పెట్టి తీసుకునే లబ్ధిదారు అయిపోతడు. నాకైతే ఈ మాట మీద చానా కోపం. "లాఠీచార్జ్ జరిగింది" అని రాసుడు సుత గంతే, కొట్టినోడు వాక్యంలకెళ్ళి మాయమైతడు.

నన్ను రాయమంటే "2005 కన్నా ముందటి నుంచి సాగు చేస్తున్నమని చెప్తున్న కుటుంబాల మీద అటవీ శాఖ కేసు పెట్టింది" అని రాస్త. హెడ్డింగుకు పొడుగైతది, అయినా ఎవలు ఏమన్నరో, ఎవలు ఏం చేసిన్రో అందుల ఉంటది.

ప్రశ్న: సెప్టెంబర్ 17న బడిల ప్రోగ్రాం పెడుతం, బోర్డు మీద ఏ పేరు రాయాలె మేడం?
– ఒక టీచర్, జనగామ

జవాబు: 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలకు వచ్చింది, 17న నిజాం లొంగిపోయిండు. ఇంతవరకు తగాదా లేదు, తగాదా అంతా పేరు కాడ్నే. విమోచనం అంటే పీడ వదిలిందని, విలీనం అంటే ఒక రాజ్యం పోయి దేశంల కలిసిందని, విద్రోహం అనేటోళ్ళేమో అదే సైన్యం తర్వాత సాయుధ పోరాటం చేసిన రైతుల మీదికి తిరిగిందని అంటరు. 2022ల కేంద్రం విమోచన దినం చేస్తే రాష్ట్రం సమైక్యతా దినం చేసింది, 2024ల రాష్ట్రమే ప్రజా పాలనా దినం అన్నది. మన పెద్దోళ్ళ నోట్ల నానిన "పోలీస్ యాక్షన్" సుత అమాయకపు మాటేం కాదు, యుద్ధ ట్యాంకులతోని పోయింది సైన్యం, పోలీసు అని పేరు పెడితే అది ఇంటి గొడవ లెక్క వినపడతది.

అందుకే బోర్డు మీద ముందుగాల తారీఖు, ఏం జరిగిందన్నది రాయించండి. తర్వాత ఈ పేర్లన్నీ వరుసగ రాయించి, ఏ పేరు ఎవలు వాడుతున్నరు, ఎందుకు వాడుతున్నరు అని పిల్లలనే చెప్పమనండి. ఇంట్ల తాతను, అవ్వను అడిగి రమ్మంటే ఇంకా మంచిది, వెట్టి చూసిన ఇండ్లల్ల ఒక పేరు వినపడతది, ఆ రోజులల్ల మనుషులను పోగొట్టుకున్న ఇండ్లల్ల ఇంకో పేరు వినపడతది, రెండూ బడిల చెప్పుకోవాల్సినయే.