యజమాని లైసెన్స్ పోతే మన వీసా సంగతేంటి?

ప్రశ్న: నమస్కారమండీ. నేను 2023లో కేర్ వీసా మీద ఇంగ్లాండ్ వచ్చాను. మావారు, ఆరేళ్ల పాప డిపెండెంట్లుగా నాతోనే ఉన్నారు. మా కేర్ కంపెనీ స్పాన్సర్ లైసెన్స్ (విదేశీయులను పనిలోకి తీసుకునే అనుమతి) రివోక్, అంటే రద్దు అయిందని పోయిన వారం తోటి అమ్మాయి చెబితే తెలిసింది. మేనేజరేమో "అప్పీల్ చేస్తున్నాం, కంగారు పడకండి" అంటున్నారు. హోం ఆఫీస్ (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) నుంచి నాకైతే ఏ లెటరూ రాలేదు. వచ్చేదాకా ఆగాలా? ఇండియా వచ్చేసి, కొత్త స్పాన్సర్ దొరికాక మళ్లీ వెళ్లొచ్చు కదా అని అత్తగారివాళ్లు అంటున్నారు. తప్పు చేసింది కంపెనీ అయితే శిక్ష మాకేంటండీ?
— పేరు రాయవద్దన్న పాఠకురాలు, లెస్టర్

జవాబు: అమ్మా, ముందు ఇండియా టికెట్ ఆలోచన పక్కన పెట్టండి. 2025 జులై 22 నుంచి కేర్ వర్కర్లను బయటి దేశాల నుంచి కొత్తగా తీసుకోవడం బ్రిటన్ ఆపేసింది. ఇప్పటికే అక్కడ ఈ వీసా మీద ఉన్నవాళ్లు ఒక యజమాని నుంచి ఇంకో యజమానికి మారే దారి మాత్రం 2028 జులై 22 వరకు ఉంచారు. అంటే మీరు లోపల ఉన్నంతసేపే ఆ తలుపు మీకు తెరిచి ఉంటుంది, బయటికొచ్చాక కొత్త స్పాన్సర్ దొరికినా కేర్ వర్కర్‌గా తిరిగి వెళ్లలేరు. ఇంకో సంగతి, కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్న రూలు 2024 మార్చి 11న వచ్చింది. మీరు అంతకుముందే ఈ వీసా మీద ఉన్నారు కాబట్టి, మధ్యలో తెగకుండా ఉద్యోగం మారితే మీవారు, పాప డిపెండెంట్లుగా కొనసాగవచ్చు. అత్తగారివాళ్లు మంచికే చెప్పి ఉంటారు, వాళ్లకు ఈ తేదీలు తెలియవు, అంతే.

మీ మేనేజర్ చెప్పే అప్పీల్ విషయానికొస్తే, లైసెన్స్ రద్దు మీద అప్పీల్ చేసుకునే హక్కే కంపెనీకి లేదు. జ్యుడీషియల్ రివ్యూ అని హైకోర్టుకు వెళ్లవచ్చు, కానీ అది ఖర్చుతో, టైముతో కూడిన పని. పైగా తప్పు పెద్దదైతే, రద్దు వల్ల ఆ కంపెనీ మీద, పేషెంట్ల మీద, పనివాళ్ల మీద ఎంత ప్రభావం పడుతుందో హోం ఆఫీస్ లెక్కేసి చూడాల్సిన పనిలేదని 2025లో అక్కడి కోర్ట్ ఆఫ్ అపీల్ తేల్చింది. రద్దయిన కంపెనీ కనీసం 12 నెలల దాకా కొత్త లైసెన్స్‌కు దరఖాస్తు కూడా పెట్టలేదు. కాబట్టి ఆయన మాట నమ్ముకుని కూర్చోవద్దు.

ఇక లెటర్. మీ వీసా గడువును కుదిస్తూ హోం ఆఫీస్ విడిగా ఒక నోటీసు పంపుతుంది. కంపెనీ తప్పులో మీ పాత్ర లేకపోతే మామూలుగా 60 రోజులు ఇస్తారు (వీసా అంతకన్నా ముందే అయిపోయేలా ఉంటే ఆ తేదీ వరకే). ఈ 60 రోజులు లైసెన్స్ పోయిన రోజు నుంచి కాదు, నోటీసులో రాసినదాన్ని బట్టి లెక్క. ఒక్కోసారి ఆ నోటీసు నెలల తర్వాత వస్తుంది. ఆ నెలలు మీకు దొరికిన అదనపు టైము అనుకోండి, ఈ రోజే వెతకడం మొదలుపెట్టండి.

ఇక్కడే చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. మీ వీసా దరఖాస్తులో ఏ ఈమెయిల్ ఇచ్చారో గుర్తుందా? మన కన్సల్టెన్సీలు చాలావరకు తమ సొంత ఈమెయిలే పెట్టేస్తాయి. నోటీసు అక్కడికి వెళ్తే వాళ్లు చూడరు, చూసినా చెప్పరు, మీకు తెలిసేసరికి సగం రోజులు కరిగిపోయి ఉంటాయి, నాకు తెలియదంటే హోం ఆఫీస్ వినదు. మీ యూకేవీఐ (హోం ఆఫీస్ వీసా విభాగం) అకౌంట్‌లోకి వెళ్లి ఈమెయిల్, ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ మీవే ఉన్నాయో లేదో ఈ రాత్రికే చూసి మార్చుకోండి. స్పామ్ ఫోల్డర్ కూడా రోజూ తెరవండి.

తర్వాత మీ సీఓఎస్ (మీ ఉద్యోగం, గంటలు, జీతం రాసి యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ రికార్డు) వివరాలు, పేస్లిప్పులు పక్కపక్కన పెట్టి చూడండి. సీఓఎస్‌లో వారానికి 39 గంటలని ఉండి పేస్లిప్పులో 15 గంటలే కనిపిస్తుంటే లైసెన్స్ ఎందుకు పోయిందో మీకే అర్థమవుతుంది. రాసిన జీతం ఇవ్వకపోవడం, లేని ఉద్యోగం చూపించడం, మార్పులను 10 పనిరోజుల్లో రిపోర్ట్ చేయకపోవడం, ఇలాంటివే మామూలుగా కారణాలు. రోటా (షిఫ్టుల పట్టిక) స్క్రీన్‌షాట్లు, "ఈ వారం షిఫ్టులు లేవు" అన్న వాట్సాప్ మెసేజీలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అన్నీ దాచండి. తప్పులో మీ చెయ్యి లేదని చూపించేవి అవే. రావాల్సిన జీతం ఉంటే మూడు నెలలు దాటకుండా అక్కడి ఉద్యోగ వివాదాల సంస్థ ఏకాస్‌కు ఫోన్ చేయండి, ఉచితమే. ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలన్నా ముందు వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

కొత్త ఉద్యోగానికి మీకు అనుకూలంగా ఒక రూలుంది. 2025 ఏప్రిల్ 9 నుంచి ఇంగ్లాండ్‌లో కేర్ కంపెనీలు కొత్తవాళ్లను స్పాన్సర్ చేసేముందు, మీలా స్పాన్సర్ పోయినవాళ్లలో ఎవరైనా దొరుకుతారేమో ప్రయత్నించాలి. ఇందుకోసం ప్రాంతాలవారీగా ప్రభుత్వ నిధులతో నడిచే పార్ట్‌నర్‌షిప్‌లు ఉన్నాయి. మీ ప్రాంతం దానికి ఈమెయిల్ పెట్టి పేరు నమోదు చేయించుకోండి. 60 రోజుల లోపు కొత్త దరఖాస్తు సబ్మిట్ అయితే చాలు, నిర్ణయం తర్వాత వచ్చినా ఫర్వాలేదు. కానీ ఆ నిర్ణయం వచ్చేదాకా కొత్తచోట ఒక్క షిఫ్టు కూడా చేయకూడదు, ఎంత బతిమాలినా సరే. మీవారు డిగ్రీ స్థాయి ఉద్యోగంలో ఉంటే, జీతం సరిపోతే, ఆయనే మెయిన్ అప్లికెంట్‌గా మారి మీరు డిపెండెంట్ కావడం కూడా ఆలోచించండి. పాత కంపెనీలో ఇంకా షిఫ్టులు చేయాలా వద్దా అన్నది మాత్రం రిజిస్టర్డ్ ఇమిగ్రేషన్ సలహాదారుని అడిగాకే తేల్చుకోండి.

శిక్ష మాకేంటి అన్నారు. న్యాయంగా చూస్తే అది మీకు పడాల్సింది కాదు. 2024 జులై నుంచి 2025 జూన్ వరకు 1,948 లైసెన్సులు రద్దు చేశామని, అంతకుముందు ఏడాది 937 మాత్రమేనని అక్కడి ప్రభుత్వం గొప్పగా ప్రకటించుకుంది. కేర్ రంగంలోనే 2022 జులై నుంచి 2024 చివరిదాకా 470కి పైగా లైసెన్సులు పోతే, వాటి కింద ఉన్నవాళ్లు 39 వేలకు పైమాటే. మోసగాడిని పట్టుకున్నామని చెప్పుకోవడం సులువే, వాడి చేతిలో మోసపోయినవాళ్లకు 60 రోజుల గడువు పెట్టి వదిలేయడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాదు.

ప్రశ్న: మా అబ్బాయిని యూకే పంపడానికి కన్సల్టెన్సీకి 14 లక్షలు కట్టాం, రెండెకరాలు అమ్మి. ఇప్పుడు ఆ కంపెనీ లైసెన్స్ పోయింది. అదే మనిషి "ఇంకో కంపెనీ సీఓఎస్ ఇప్పిస్తా, 8 లక్షలు పంపండి" అంటున్నాడు. పంపమంటారా?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: పంపవద్దండీ. అప్పు చేసి అసలే పంపవద్దు. సీఓఎస్ అన్నది ఒక ఆన్‌లైన్ రికార్డు, దానికో నంబరు, అంతే. 2025 ఏప్రిల్‌లో దాని ఫీజు 525 పౌండ్లు చేశారు, అదీ కట్టాల్సింది యజమానే, 2024 డిసెంబర్ 31 నుంచి ఆ ఖర్చును స్కిల్డ్ వర్కర్ల (కేర్ వీసావాళ్లూ అందులోకే వస్తారు) మీద వేయకూడదని రూలే ఉంది. డబ్బుకు సీఓఎస్ అమ్మే కంపెనీ అంటే రేపో మాపో లైసెన్స్ పోయే కంపెనీ అని అర్థం, మీ అబ్బాయి మళ్లీ ఇదే పరిస్థితికి వస్తాడు, ఈసారి ఎనిమిది లక్షలు అదనంగా పోగొట్టుకుని. డబ్బిచ్చి ఉద్యోగం కొన్నాడని తేలితే 60 రోజుల గడువు కూడా దక్కకపోవచ్చు. అందుకే హోం ఆఫీస్‌కు ఏదైనా చెప్పేముందు అబ్బాయిని వర్క్ రైట్స్ సెంటర్ లాంటి ఛారిటీతోనో, సొలిసిటర్‌తోనో మాట్లాడమనండి.

ఇక్కడ మీరు చేయగలిగింది వేరే ఉంది. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్ 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి, సర్వీస్ ఛార్జీ 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే ఫిర్యాదు పెట్టి, పోలీస్ స్టేషన్‌లో కూడా ఇవ్వండి. ఫోన్‌పే రసీదులు, వాయిస్ మెసేజీలు చెరపకండి. డబ్బు నగదుగా ఇచ్చి ఉంటే, "మీకిచ్చిన 14 లక్షల సంగతేంటి" అని వాట్సాప్‌లో మామూలుగా అడగండి, అతను ఏం జవాబిచ్చినా సాక్ష్యంగా పనికొస్తుంది.

ప్రశ్న: రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని స్పాన్సర్ల లిస్టులో మా కంపెనీ పేరు మాయమైంది. హెచ్ఆర్ వాళ్లు "సస్పెన్షన్ మాత్రమే" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. సస్పెండ్ చేసినా ఆ లిస్టులోంచి పేరు తీసేస్తారు. సస్పెన్షన్‌లో మీ వీసాకు కోత పడదు, పని చేసుకోవచ్చు. ఆరోపణలకు జవాబివ్వడానికి కంపెనీకి 20 పనిరోజులు ఉంటుంది. ఈలోపు వాళ్లు కొత్త సీఓఎస్‌లు ఇవ్వలేరు, కాబట్టి మీ వీసా ఎక్స్‌టెన్షన్ దగ్గర్లో ఉంటే మాత్రం ఆగకండి. సీవీ బయటికి తీయండి, ఇంటర్వ్యూకు పిలిచిన ప్రతి కంపెనీ పేరూ అదే లిస్టులో చూసుకున్నాకే వెళ్లండి.