పక్కింట్లో దొంగలు పడితే తుపాకీ పేల్చవచ్చా?

ప్రశ్న: మా పక్కింటి దంపతులు డల్లాస్‌లో కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి వద్దామని వెళ్తూ ఇంటి తాళాలు మాకిచ్చారు. ఈ మధ్య మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. మా నాన్నగారికి లైసెన్సున్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. రాత్రి పక్కింట్లో దొంగలు పడితే కాల్చే హక్కు మాకుందా? టెక్సాస్‌లో ఇలాగే కాల్చినాయన మీద కేసే నిలవలేదని వాళ్లల్లుడు చెప్పాడు. ఈలోగా వాళ్ల ప్రహరీ మీద కరెంటు తీగ లాగుదామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు తీగ సంగతి. లాగకండి. లాగి ఉంటే ఈ రోజే తీసేయండి. బీహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డిని పొరుగువాళ్లు వాడుతున్నారన్న కోపంతో దారిలో కరెంటు తీగ కట్టాడు. పొరుగింటామె తగిలి చనిపోయింది. అడగకుండా నా స్థలంలోకి వచ్చింది కాబట్టి తప్పు నాది కాదని వాదించాడు. చెరుబిన్ గ్రెగరీ కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో సుప్రీంకోర్టు 1963లో ఆ వాదన ఒప్పుకోలేదు, శిక్ష ఖాయం చేసింది. అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన మనిషి ప్రాణానికి రక్షణ పోదు. ఇప్పుడు అలాంటి మరణానికి, నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు. ప్రాణం పోతుందని తెలిసే కట్టారని తేలితే 105వ సెక్షన్, పదేళ్ల దాకా. బంతి కోసం గోడెక్కిన పిల్లవాడికీ దొంగకీ తేడా ఆ తీగకు తెలియదు.

ఇక తుపాకీ. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లలో ఉంది. 35వ సెక్షన్ ప్రకారం దొంగతనం, దోపిడీ, ఆస్తి ధ్వంసం, అక్రమ ప్రవేశం నుంచి మీ ఆస్తినే కాదు, ఇతరుల ఆస్తినీ కాపాడవచ్చు. కాబట్టి ‘అది పక్కవాళ్ల ఇల్లు’ అన్నది అడ్డు కాదు. ఎంత బలం వాడవచ్చు అన్నదే అసలు ప్రశ్న.

ఆస్తి కోసం ప్రాణం తీసే దాకా వెళ్లగల సందర్భాలు 41వ సెక్షన్‌లో నాలుగే. దోపిడీ. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు ఇల్లు పగలగొట్టి చొరబడటం. మనుషులుండే ఇంటికో సామాను దాచే కట్టడానికో నిప్పు పెట్టడం, పేలుడు పదార్థం వాడటం. నాలుగోది, ఆపకపోతే ఎవరైనా చస్తారని గానీ తీవ్రంగా గాయపడతారని గానీ సహేతుకంగా భయం కలిగించే దొంగతనం, ధ్వంసం, ఇంటి చొరబాటు. గోడ దూకి ఆవరణలో ఉన్న బండి తోసుకుపోయేవాడు వీటిలోకి రాడు. అతన్ని అడ్డుకోవచ్చు, పట్టుకోవచ్చు, చంపకూడదు.

తాళం పగలగొట్టి రాత్రి లోపలికి దూరినవాడు రెండో సందర్భంలోకి వస్తాడు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘అయితే కాల్చవచ్చు’ అనుకుంటారు. 37వ సెక్షన్ కూడా చదవాలి. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. హక్కు ఉన్నా అవసరానికి మించి హాని చేయకూడదు. మనుషుల్లేని ఇంట్లో దొంగలు బీరువా వెతుకుతుంటే, మీరు మీ ఇంట్లో భద్రంగా ఉండి చేతిలో ఫోన్ ఉంటే, వ్యవధి లేదని కోర్టును ఒప్పించడం చాలా కష్టం. పైగా 43వ సెక్షన్ ప్రకారం రాత్రి చొరబాటుకు సంబంధించిన హక్కు, చొరబడినవాడు ఆ ఇంట్లో ఉన్నంతసేపే. మూటతో వీధిలోకొచ్చి పారిపోతున్నవాడిని కాల్చితే, తూటా వీపులో దిగిందని పోస్ట్‌మార్టం రిపోర్టే చెబుతుంది.

మనిషి చనిపోతే సాధారణంగా హత్య కేసుగానే ఎఫ్‌ఐఆర్ అవుతుంది. తుపాకీ ఫోరెన్సిక్ ల్యాబుకు పోతుంది. ఆత్మరక్షణ అని చూపే భారం సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 108వ సెక్షన్ ప్రకారం మీదే. అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, మీ మాట నమ్మదగినదిగా ఉంటే చాలు. నిజంగా ప్రాణభయంలో ఉన్నవాడు దెబ్బను త్రాసులో తూచి కొట్టలేడని సుప్రీంకోర్టు చాలాసార్లు అంది. కిటికీ లోంచి గురి చూసినవాడికి ఆ వెసులుబాటు దొరకదు. సద్భావంతోనే హద్దు దాటారని తేలితే హత్య నేరం తగ్గి 105వ సెక్షన్ అవుతుంది. అయినా జైలు తప్పదు. ఇంకొకటి, లైసెన్సు నాన్నగారిది. మీరు పేలిస్తే ఆయుధాల చట్టం కింద మరో కేసు.

అల్లుడుగారు చెప్పినది 2007లో టెక్సాస్‌లోని పాసడీనాలో జరిగింది. బయటికి వెళ్లొద్దని అక్కడి అత్యవసర నంబరు 911 ఆపరేటర్ పదేపదే చెప్పినా ఒకాయన వెళ్లి, పక్కింట్లో దొంగతనం చేసి పోతున్న ఇద్దరిని కాల్చి చంపాడు. 2008లో గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, అభియోగం మోపలేదు. పొరుగువారి ఆస్తికీ, రాత్రి దొంగతనానికీ అక్కడి చట్టం ఇచ్చే వీలు మన చట్టం కంటే చాలా ఎక్కువ. అది ఇక్కడ పనికిరాదు. శిక్ష పడనంత మాత్రాన అది సరైన పని అయిందని కూడా నేను అనుకోను. పక్కింటి వాళ్లు మీకు తాళాలిచ్చింది ఇల్లు చూసుకోమని. పోయిన నగలకు బీమా ఉండవచ్చు, పోలీసులు రాబట్టవచ్చు. వాళ్ల గుమ్మంలో ఒక మనిషి చచ్చిపడి ఉండటం వాళ్లు అడిగిన సాయం కాదు. ఆ చీకట్లో ఉన్నది చెప్పకుండా వచ్చిన బంధువైతే?

అందుకే అలికిడి వినగానే ముందు డల్లాస్‌కు ఫోన్ చేసి ఎవరినైనా పంపారా అని అడగండి. బంధువును దొంగనుకుని పొరపడ్డానన్న వాదన నిలవాలంటే తగినంత జాగ్రత్త తీసుకున్నట్టు కనిపించాలి. లేదనగానే 112కు ఫోన్, మీ ఇంటి లైట్లన్నీ వేయడం, గట్టిగా కేకలు. బండి నంబరు, మనుషుల పోలికలు, వెళ్లిన దిక్కు రాసుకోండి. దొంగ చిక్కితే, అరెస్టులు, విచారణల పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ కింద మీరే పట్టుకోవచ్చు, ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. స్తంభానికి కట్టి తలా ఒక దెబ్బ వేయడం మాత్రం వద్దు. అతను చనిపోతే ఎవరి దెబ్బ ప్రాణం తీసిందో తేలకపోయినా, ఉమ్మడి ఉద్దేశం కింద కొట్టినవాళ్లందరి మీదా హత్య కేసు రావచ్చు.

ఈ వారమే స్టేషన్‌కు వెళ్లి పక్కిల్లు తాళం వేసి ఉందని చెప్పండి. తాళం వేసిన ఇళ్లపై నిఘాకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు, కెమెరా పెట్టమని అడగండి. నగలు, దస్తావేజులు బ్యాంకు లాకర్‌కు చేర్చే సంగతి యజమానులతో మాట్లాడండి. తుపాకీని, తూటాలను వేర్వేరు చోట్ల తాళం వేసి ఉంచమని నాన్నగారికి చెప్పండి.