మొదటి ఉపన్యాసానికి ముందు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పరిశోధనలో చేరావనీ, జీవానికి ఆధారమైన భౌతిక, రసాయన సూత్రాల మీద మొదటి సంవత్సరంలోనే ఆరు బహిరంగ ఉపన్యాసాలు ఇవ్వడానికి ఒప్పుకున్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మొదటి మాట వినగానే నా కళ్లు చెమర్చాయి. రెండో మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. ఉపన్యాసాలు మానుకొమ్మని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నీ వయసులో నేనూ ఇదే పని చేశాను, అందులో ఒక తప్పు చేశాను, ఆ తప్పు సంగతి ఇంతవరకు మన ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మీ అమ్మకు కూడా సగమే తెలుసు.

ముందు చిన్న విషయాలు చెప్పి ముగిస్తాను. నోటుపుస్తకంలో ప్రతి పేజీ మీదా తేదీ వెయ్యి, కాయితం ముక్కల మీద అంకెలు రాయకు. కొలతల దత్తాంశాన్ని రెండు చోట్ల భద్రపరచు. గణాంకశాస్త్రాన్ని థీసిస్ రాసేటప్పుడు కాదు, మొదటి ప్రయోగానికి ముందే నేర్చుకో. గైడుతో అభిప్రాయభేదం వస్తే ఆ వారంలోనే మాట్లాడు. ఇవన్నీ నీకు ఎవరైనా చెబుతారు.

నా పరిశోధనాంశం ఏటీపీని, అంటే కణాలు తమ పనులకు శక్తి కోసం ఖర్చుపెట్టే అణువును, విడగొట్టే ఒక ఎంజైమ్. ఏటీపీ విడిపోయినప్పుడు బయటపడే ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి నీలిరంగు తెప్పించి, ఆ రంగు గాఢతను కలరీమీటరులో చూసి, ఎంజైమ్ ఎంత వేగంగా పనిచేస్తున్నదో లెక్కకట్టేదాన్ని. 5 డిగ్రీల సెల్సియస్ నుంచి 45 డిగ్రీల వరకు ఉష్ణోగ్రతను పెంచుతూ పోయి, వేగపు లాగరిథమ్‌ను నిరపేక్ష ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గ్రాఫులో గీస్తే మామూలుగా సరళరేఖ వస్తుంది. నాకు 30 డిగ్రీలు దాటాక బిందువులు కిందికి జారాయి. వేడికి ఎంజైమ్ చెడిపోయిందేమోనని అదే నమూనాను మళ్లీ చల్లార్చి చూశాను. పాత వేగం తిరిగి వచ్చింది. దాంతో నా నమ్మకం రెట్టింపు అయింది. ఈ ప్రొటీన్ ఒక నిర్దిష్టమైన ఉష్ణోగ్రత దగ్గర తన ఆకృతిని మార్చుకుంటున్నదనీ, చల్లబడితే తిరిగి పూర్వరూపం దాలుస్తున్నదనీ తీర్మానించుకున్నాను. నిజానికి ఆ బిందువుల గుండా ఒక మెత్తని వంపు గీయవచ్చు. నేను స్కేలు పెట్టి రెండు సరళరేఖలు గీసి, అవి కలిసే చోట ఎర్ర సిరాతో ఒక చుక్క పెట్టాను. ఎందుకంటే మూడు వారాల్లో నా ఉపన్యాసం ఉంది, వంపు కంటే విరుపు వేదిక మీద బాగా కనిపిస్తుంది.

ఉపన్యాసంలో చివరి పది నిమిషాలు ఆ గ్రాఫుకే కేటాయించాను. హాలంతా నిశ్శబ్దంగా వింటున్నారు. అణువు కూడా వేడిని పసిగట్టగలదని నేను అన్నప్పుడు ముందు వరుసలోని పిల్లలు కళ్లు పెద్దవి చేసి చూశారు. ప్రశ్నల సమయంలో మూడో వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, తాను బడిలో రసాయనశాస్త్రం చెబుతానని పరిచయం చేసుకుని, "అమ్మా, మీరు వాడిన బఫర్ ఏది? వేడి చేసినప్పుడు దాని పీహెచ్ మారదా?" అని ఎంతో మర్యాదగా అడిగారు. నేను, "ట్రిస్ అండీ. పీహెచ్ చూశాను, మారలేదు" అన్నాను. నేను చూడలేదు. బఫర్ అంటే పీహెచ్‌ను, అంటే ఆమ్లత్వపు కొలతను, నిలకడగా ఉంచడానికి వాడే ద్రావణం; పీహెచ్ తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు. నా బఫర్ అయిన ట్రిస్‌ను 25 డిగ్రీల దగ్గర 7.5కు సరిచేసి, అదే సీసాను అన్ని ఉష్ణోగ్రతలకూ వాడాను. ఆయన తల ఊపి కూర్చున్నారు. సభికులు చప్పట్లు కొట్టారు.

మరునాడు తెల్లవారకముందే ల్యాబుకు వెళ్లి, పీహెచ్ మీటరును ఆయా ఉష్ణోగ్రతల దగ్గర ప్రమాణ ద్రావణాలతో సరిచూసుకుని, ఆ ట్రిస్‌నే వేడి చేసి కొలిచాను. 45 డిగ్రీల దగ్గర 6.9 చూపించింది. 5 డిగ్రీల దగ్గర 8 దాటింది. ట్రిస్ స్వభావమే అంత. ఒక్కొక్క డిగ్రీకి దాని పీహెచ్ సుమారు 0.028 చొప్పున తగ్గుతుంది. ఇరవై డిగ్రీలకు అది అర యూనిట్ పైమాటే, అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢత మూడున్నర రెట్లు పెరిగినట్టు. నా ఎంజైమ్ ఏ ఆకృతినీ మార్చుకోలేదు, ఏ వేడినీ పసిగట్టలేదు. తన చుట్టూ పెరుగుతున్న ఆమ్లత్వానికి నెమ్మదించింది, అంతే. చల్లార్చినప్పుడు వేగం తిరిగి రావడానికి కారణం పీహెచ్ తిరిగి రావడమే. నా నమ్మకాన్ని రెట్టింపు చేసిన ఆ పరీక్షే అసలు కారణాన్ని నాకు చూపించాలని ప్రయత్నించింది, నేను చూడలేదు. ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా బఫర్‌ను విడివిడిగా సరిచేసి ప్రయోగమంతా మళ్లీ చేయడానికి రెండు నెలలు పట్టింది. ఈసారి రేఖ చక్కగా, తిన్నగా వచ్చింది. మా గైడు రెండు గ్రాఫులనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, రాస్తున్న వ్యాసంలోంచి ఆ పేరాను కొట్టివేశారు. ఒక్క మాట అనలేదు.

తప్పు కొలత గురించి నేను ఇప్పుడు బాధపడను, తల్లీ. బఫర్ చేసిన మోసం ఎంతోమంది పరిశోధకులకు ఎదురైనదే, రెండు నెలల్లో దిద్దుకున్నదే. నన్ను ఇప్పటికీ నిద్రలేపేది ఆ "చూశాను" అనే మాట. నేను అబద్ధం చెప్పాలని అనుకుని వేదిక ఎక్కలేదు. అంతమంది నమ్మకంగా నా వైపు చూస్తుంటే, తెలియదన్న మాట నోటికి రాలేదు, మరో మాట వచ్చింది. తరువాత నెలలో అదే హాలులో నా రెండో ఉపన్యాసం జరిగింది. ఆయన అదే మూడో వరుసలో కూర్చున్నారు. మైకు నా చేతిలోనే ఉంది. అప్పటికి నిజం నాకు తెలుసు. నేను కణత్వచాల గురించి మాట్లాడి దిగిపోయాను. మూడో ఉపన్యాసానికి ఆయన రాలేదు, ఆ తరువాత ఎప్పుడూ కనిపించలేదు, నేను పేరైనా అడిగి ఉంచుకోలేదు.

అందుకే నీ గురించి నా భయం నువ్వు ఊహించేది కాదు. ఉపన్యాసాలకు సమయం పోతుందని కాదు, సభలో తడబడతావని అసలే కాదు. నువ్వు చిన్నప్పటి నుంచీ బాగా మాట్లాడతావు, నా భయమూ అందుకే. వేదిక మీద చక్కగా అమరే కథ ఒకటి మనసులో స్థిరపడితే, అది మనతో పాటే ల్యాబుకు వస్తుంది. ఏ బిందువును వదిలెయ్యాలో, ఏ రేఖను ఎక్కడ విరవాలో మనకు తెలియకుండానే చెబుతుంది. ఇంకా పూర్తికాని నీ సొంత ఫలితాలను ఆ ఆరు ఉపన్యాసాల్లో ఒక్కదానిలో కూడా పెట్టవద్దు. ఇది సలహా అనుకోకు, పెద్దమ్మ మాటగా తీసుకో. నిర్వాహకులు అడుగుతారు, "మీ పరిశోధనలో కొత్త విషయం ఏదైనా చెప్పండి" అని బతిమాలతారు. లేదని చెప్పు.

నేను వాడిన ఆ నీలిరంగు పద్ధతి ఎవరిదో తెలుసు కదా? సైరస్ ఫిస్కేతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ప్రకటించినది. కండరపు రసంలో ఫాస్ఫేటును ఆ పద్ధతితోనే కొలుస్తుండగా, రంగు రావలసినంత వేగంగా రాకుండా ఆలస్యంగా చిక్కబడడం వాళ్లు గమనించారు. రసాయనం పాతబడిందనో, చెయ్యి తప్పిందనో అనుకుని ఆ ఆలస్యాన్ని పక్కన పెట్టేయడం ఎంత సులువు! వాళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. మాలిబ్డేటు సమక్షంలో ఆమ్లంలో మెల్లగా విడిపోతున్న ఒక కొత్త పదార్థం అందులో ఉందని తేలింది. అదే కండరం శక్తిని నిల్వ ఉంచుకునే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో. రెండేళ్ల తరువాత, 1929లో, కార్ల్ లోమన్ విడిగా కనుగొన్న కాలంలోనే, వాళ్లు కూడా కండరంలో ఏటీపీని కనుగొన్నారు. అదే పద్ధతిని చేతిలో పట్టుకుని, వాళ్లు తమకు నచ్చని కొలతను నమ్మారు, నేను నాకు నచ్చిన కొలతను నమ్మాను. ఈ పోలిక నేను పరిశోధన ముగించి ఎన్నో ఏళ్లయ్యాక గానీ నాకు తట్టలేదు.

జీవావిర్భావం గురించి మాట్లాడే రోజున స్టాన్లీ మిల్లర్ ప్రయోగం తప్పకుండా చెబుతావు. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరుల్లో విద్యుత్ మెరుపులు పుట్టించి అమైనో ఆమ్లాలు రాబట్టిన ఆ పనిని చాలామంది "సీసాలో జీవాన్ని సృష్టించారు" అని చెప్పేస్తారు. నువ్వు ఆ మాట అనకు. 1953 నాటి ఆ చిన్న వ్యాసంలో ఆయన గ్లైసిన్‌నూ, రెండు రకాల అలనిన్‌లనూ నిశ్చయంగా గుర్తించానని రాసి, మరో రెండింటి మచ్చలు కాగితం మీద బలహీనంగా ఉన్నందున అవి అంత నిశ్చయం కాదని విడిగా చెప్పారు. అప్పటికి ఆయన నీలాగే పరిశోధక విద్యార్థి. ఆ బలహీనమైన మచ్చల సంగతి కూడా సభకు చెప్పు. పిల్లలకు మెరుపుల కంటే అదే ఎక్కువ గుర్తుంటుందని నా నమ్మకం.

ఏం చెప్పాలన్నది నీకు నేర్పనవసరం లేదు గానీ, కథల కంటే లెక్కలు ఎక్కువ చెయ్యమంటాను, అవి బోర్డు మీద వాళ్ల కళ్ల ముందే చెయ్యి. ఒక చిన్న అణువు నీటిలో విసరణ వల్ల, అంటే తనంతట తాను అటూ ఇటూ కదులుతూ వ్యాపించడం వల్ల, ఒక మైక్రోమీటరు దూరం పోవడానికి అర మిల్లీసెకను చాలు. ఒక సెంటీమీటరుకు పద్నాలుగు గంటలు కావాలి. ఒక మీటరుకు పదిహేను సంవత్సరాలు దాటుతుంది. కణాలు ఎందుకు అంత చిన్నవో, మనకు రక్తప్రసరణ ఎందుకు కావలసి వచ్చిందో ఆ మూడు అంకెలు చూసి ఎనిమిదో తరగతి పిల్ల కూడా తానే చెప్పగలదు. కణంలో ఏటీపీ తయారయ్యే మైటోకాండ్రియా లోపలి పొర మందం సుమారు 5 నానోమీటర్లు, దాని రెండు వైపులా ఉన్న విద్యుత్ తేడా 0.15 వోల్టు; భాగిస్తే మీటరుకు 3 కోట్ల వోల్టులు. పొరకు రెండు వైపులా ఉన్న ఈ తేడాయే ఏటీపీ తయారీని నడుపుతుందని పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించిన భావన బలం ఆ భాగహారంలో ఉంది. కణంలో ఒక ఏటీపీ అణువు ఇచ్చే శక్తి, చుట్టూ ఉన్న అణువుల ఉష్ణ చలనపు శక్తికి సుమారు ఇరవై రెట్లు. ఆ కుదుపుల్లో కొట్టుకుపోనంత పెద్దది, చిల్లర డబ్బులా ఖర్చు పెట్టుకోగలిగినంత చిన్నది.

ఒక ప్రశ్న మాత్రం ప్రతి సభలోనూ వస్తుంది, దానికి సిద్ధంగా ఉండు: మొత్తం మీద క్రమరాహిత్యం తగ్గదనే ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమాన్ని జీవం ఉల్లంఘిస్తున్నదా? ఉల్లంఘించడం లేదని ఒక్క మాటలో కొట్టిపారెయ్యకు. విశ్రాంతిగా కూర్చున్న మనిషి కూడా సుమారు 100 వాట్ల వేడిని గదిలోకి వదులుతూ ఉంటాడనీ, లోపల నిలుపుకున్న క్రమానికి మూల్యం ఆ వేడితో బయట చెల్లిస్తున్నాడనీ లెక్కతో చూపించు. 1943 ఫిబ్రవరిలో డబ్లిన్‌లో ఎర్విన్ ష్రోడింగర్ సుమారు 400 మంది సభికుల ముందు ఈ సంగతే మాట్లాడారు. జీవి రుణాత్మక ఎంట్రోపీని (ఎంట్రోపీ అంటే క్రమరాహిత్యపు కొలత) ఆహారంగా తీసుకుంటుందన్న ఆయన మాట మీద తోటి భౌతికశాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పగా, వాళ్లకోసమే అయితే స్వేచ్ఛాశక్తి (పనికి వాడుకోగలిగిన శక్తి) గురించి మాట్లాడి ఉండేవాడినని తరువాత తన పుస్తకంలో ఒక వివరణ చేర్చారు. అంత పెద్దాయన, అంత పేరొచ్చిన మాటకు, అచ్చులో వివరణ ఇచ్చుకున్నారు. నేను ఒక హాలులో, చేతిలో మైకు ఉండి, ఇవ్వలేకపోయాను.

రాత్రిళ్లు ల్యాబులో ఒంటరిగా ఆమ్లాలతో పనిచెయ్యకు. అలసిపోయినప్పుడు కొలతలు తీసుకోకు, ఆ రోజు పని మూసేసి పడుకో. నువ్వు ఒంట్లో బాగోలేకపోయినా చెప్పవని మీ అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రయోగం చెడిపోయిన రోజున నాకు ఫోను చెయ్యి, ఏ వేళైనా సరే. ఫలితం బాగా వచ్చిన రోజున మాత్రం వెంటనే చెయ్యకు, రెండోసారి చేసి చూశాక చెయ్యి.

మొదటి ఉపన్యాసం తేదీ ఖరారు కాగానే రాయి. రైలు టికెట్టు ముందుగా తీసుకోవాలి. మూడో వరుసలో కూర్చుంటాను, ప్రశ్నల సమయంలో లేచి, నువ్వు చెప్పినవాటిలో నాకు నిజంగా సందేహం ఉన్న చోట ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు తెలిస్తే చెప్పు. తెలియకపోతే ఆ ప్రశ్నను నలుగురి ముందూ కాగితం మీద రాసుకుని, తరువాతి సభలో ఆ కాగితంతోనే మొదలుపెట్టు. ఆ సభకు కూడా వస్తాను.

ప్రేమతో,
నీ పెద్దమ్మ