ప్రొఫెసర్ పేపర్లు లెక్కపెట్టి సర్జరీ సీటు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో హౌస్‌సర్జన్సీ చేస్తున్నాను. ఎంఎస్ జనరల్ సర్జరీ చేసి, టీచింగ్‌లోనే ఉండి ఎప్పటికైనా హెచ్‌ఓడీ (విభాగాధిపతి) కావాలని ఉంది. పెద్ద విభాగాల హెడ్‌లకు పేపర్లు ఎన్ని ఉంటాయి? కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు వాళ్ల హెచ్-ఇండెక్స్ చూడాలా?

జవాబు: చూడండి, కానీ ఆ ఒక్క అంకెనే నమ్ముకోకండి. హెచ్-ఇండెక్స్ 20 అంటే, ఒక్కోదాన్నీ కనీసం 20 సార్లు ఇతరులు ఉదహరించిన పేపర్లు 20 ఉన్నాయని. అది సర్వీసుతో పాటు పెరుగుతుందే గానీ తగ్గదు. రాయడం ఎప్పుడో మానేసినవారికీ పెద్ద అంకే ఉండొచ్చు. గూగుల్ స్కాలర్‌లో చూస్తే సాధారణంగా స్కోపస్ (పరిశోధన పేపర్ల డేటాబేస్) కంటే ఎక్కువే కనిపిస్తుంది. మన పేర్లతో ఇంకో చిక్కు: వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో ‘రెడ్డి ఎస్’ అని కొడితే ఎవరెవరివో వచ్చిపడతాయి. సంస్థ పేరు కూడా కలిపి వెతకాలి.

గత ఐదేళ్ల పేపర్లు తెరిచి, మొదటి పేరు ఎవరిదో చూడండి. పీజీలవి కనిపిస్తే అక్కడ పని నేర్పుతున్నారని అర్థం. తర్వాత అక్కడి ఫైనల్ ఇయర్ పీజీకి ఫోన్ చేసి రెండే అడగండి: కిందటి బ్యాచ్ థీసిస్‌లలో ఎన్ని పేపర్లయ్యాయి? అపెండిక్స్, హెర్నియా ఏ ఏడాదిలో చేతికిస్తారు? నా దృష్టిలో రెండో జవాబే ముఖ్యం. ఆపరేషన్ చేతికి రాని సర్జన్‌ను పేపర్లు కాపాడవు.

అమెరికా సర్జరీ హెడ్‌ల పేపర్ల లెక్కలు ఎక్కడైనా కనిపిస్తే కంగారు పడొద్దు. అక్కడ విభాగానికి చైర్ వేరు, రెసిడెన్సీ చూసుకునే ప్రోగ్రాం డైరెక్టర్ వేరు. చైర్ ఎంపికలో పరిశోధన, గ్రాంట్లు బరువు తూగితే, డైరెక్టర్‌కు బోధనే ప్రధానం. ఐదేళ్ల రెసిడెన్సీ మధ్యలో ఒకటి రెండేళ్లు పరిశోధనకే ఇచ్చే ప్రోగ్రాములూ ఉన్నాయి. మన ఎంఎస్ మొత్తం మూడేళ్లే, అందులో జిల్లా రెసిడెన్సీకి (జిల్లా ఆసుపత్రిలో పనికి) మూడు నెలలు పోతాయి.

ఇక్కడి మెట్లు ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2022 నియమాల్లో ఇలా ఉండేవి: ఎంఎస్ తర్వాత ఏడాది సీనియర్ రెసిడెన్సీ, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా 4 ఏళ్లు, అసోసియేట్ ప్రొఫెసర్‌గా 3 ఏళ్లు. అంటే పీజీలో చేరిన 11 ఏళ్లకు ప్రొఫెసర్ అర్హత. అసోసియేట్ కావాలంటే 2 పేపర్లు, ప్రొఫెసర్‌కు అసోసియేట్‌గా ఉండగా కనీసం మరో 2. మొదటి ముగ్గురిలోనో, కరస్పాండింగ్ ఆథర్‌గానో (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయిత) మీ పేరుండాలి. ఒకే రోగి గురించి రాసే కేస్ రిపోర్ట్ లెక్కకు రాదు, పలువురి గురించి రాసే కేస్ సిరీస్ వస్తుంది. 2025లో కొత్త నిబంధనలు వచ్చాయి కాబట్టి దరఖాస్తుకు ముందు తాజా గెజిట్ చూసుకోండి. ఆ పైన హెచ్‌ఓడీ కుర్చీ సర్కారు కాలేజీల్లో ఎక్కువగా సీనియారిటీదే.

మొదటి పేపర్ మీ థీసిసే కావాలి. చాలావరకు అది చెడేది మొదటి ఆరు నెలల్లోనే. ఇన్ఫెక్షన్ 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గుతుందని చూపాలంటే, 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం), ఒక్కో గ్రూపుకు దాదాపు 200 మంది కావాలి. మనవాళ్లు 30, 30 తీసుకుని ‘తేడా లేదు’ అని రాసేస్తారు. జర్నల్ తిప్పికొడుతుంది. అంతమంది దొరకరనుకుంటే నొప్పి స్కోరు, డ్రెయిన్ రోజుల్లాంటి కొలిచే ఫలితం పెట్టుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క కేసూ తీసుకోవద్దు. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి పేషెంట్ చేరకముందే సీటీఆర్‌ఐలో (మన దేశ క్లినికల్ ట్రయళ్ల రిజిస్ట్రీ) నమోదు కావాలి. తర్వాత నమోదు చేస్తే మంచి జర్నళ్లు తీసుకోవు. ఇక ఫాలోఅప్: ఆరోగ్యశ్రీ మీద నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చి హెర్నియా చేయించుకున్న మనిషి, నొప్పి లేకపోతే మూడో నెలలో మళ్లీ బస్సెక్కడు. డిశ్చార్జి రోజే రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి, ఒకటి ఇంట్లోవాళ్లది. ప్రశ్నలు ఫోన్లో అడగగలిగేలా ఫారం తయారుచేసుకోండి.

ప్రస్తుతానికి నీట్ పీజీ ర్యాంకే మీ మొదటి పని. ఖాళీ దొరికితే ఆర్కిడ్ ఐడీ (పరిశోధకుడిని గుర్తించే ప్రత్యేక నంబరు) తీసుకోండి, ఉచితమే. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా పొడి అక్షరమా అన్నది ఇప్పుడే తేల్చుకుని, ప్రతి పేపర్‌లోనూ అలాగే రాయండి.