ఎలుక ప్లాస్మాలో మాయం, మనిషి ప్లాస్మాలో పదిలం

ప్రశ్న: మా నాన్నగారికి స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ క్లోపిడోగ్రెల్ 75 మి.గ్రా. వేసుకుంటున్నారు. అందులో ఎక్కువ భాగాన్ని కాలేయంలోని ఎంజైమే పనికిరాకుండా చేసేస్తుందని చదివాను. అలాంటప్పుడు రోజుకు రెండు మాత్రలు వేస్తే మంచిది కదా?
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీరు చదివింది నిజమే. రెండో మాత్ర మాత్రం వద్దు. ఆ ఎంజైము పేరు కార్బాక్సిలెస్టరేజ్-1, పొట్టిగా సీఈఎస్1. కాలేయ కణాల్లో దండిగా ఉంటుంది. మందు అణువులో ఎస్టర్ బంధం దొరికితే నీటి సాయంతో తెంచి ఆమ్లం ఒకవైపు, ఆల్కహాల్ ఒకవైపు చేస్తుంది. ఒంట్లోకి చేరిన క్లోపిడోగ్రెల్‌లో 85 నుంచి 90 శాతం ఇలాగే పనిచేయని ఆమ్లమైపోతుంది. మిగిలిన కాస్తను సీవైపీ2సీ19 వంటి ఎంజైములు రెండు దశల్లో మార్చాకే ప్లేట్‌లెట్లను ఆపే అసలు పదార్థం పుడుతుంది. 75 మి.గ్రా. మోతాదు పెట్టింది ఈ నష్టం పోగా మిగిలేదాన్ని చూసుకునే. సొంతంగా రెట్టింపు చేస్తే కడుపులోనో మెదడులోనో రక్తస్రావం కావచ్చు. భయపడి మానేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టవచ్చు.

మీరు చూడాల్సింది గ్యాస్ బిళ్ల. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ సీవైపీ2సీ19ను అడ్డుకుంటాయి. అంటే ఆ మిగిలిన కాస్త మందు కూడా సరిగా తయారు కాదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ల అయినా సరే, దాని అట్టను కార్డియాలజిస్టుకు చూపించి, పాంటోప్రజోల్‌కు మార్చవచ్చా అని అడగండి.

ప్రశ్న: ఎం.ఫార్మసీ ప్రాజెక్టులో ఒక మందుకు ఇథైల్ ఎస్టర్ ప్రోడ్రగ్ (ఒంట్లో విరిగాకే పనిచేసే మందు రూపం) చేశాం. ఎలుక ప్లాస్మాలో (కణాలు తీసేసిన రక్తద్రవంలో) పెడితే అయిదు నిమిషాల్లోనే దాదాపు అంతా విరిగిపోయింది. ఇక దీన్ని వదిలేద్దామని గైడ్ గారు అంటున్నారు. వదిలేయాల్సిందేనా?
– ఓ విద్యార్థి, ఉప్పల్

జవాబు: అప్పుడే వద్దు. ఎలుక ప్లాస్మాలో కార్బాక్సిలెస్టరేజ్ సమృద్ధిగా తిరుగుతుంటుంది. మనిషి ప్లాస్మాలో అది లేదు. మనిషి సీఈఎస్1 గొలుసు చివర నాలుగు అమైనో ఆమ్లాల తోక ఉంటుంది. అది ఎంజైమును కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ దాటి పోనివ్వదు. ఎలుకల్లోని ఒక రకానికి ఆ తోక వేరు, అందుకే అది రక్తంలోకి వచ్చేస్తుంది. మనిషి ప్లాస్మాలో ఉండేవి బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్, పారాఆక్సొనేజ్, కొంత ఆల్బుమిన్ ప్రభావం. మీ ఇథైల్ ఎస్టర్‌ను అవి పెద్దగా ముట్టుకోకపోవచ్చు. ఫ్లూ మందు ఓసెల్టామివిర్ కూడా ఇథైల్ ఎస్టరే. బర్డ్ ఫ్లూ భయం రోజుల్లో, 2005లో, రోష్ నుంచి లైసెన్సు పొంది మన హైదరాబాద్ కంపెనీ హెటెరో తయారుచేసిన మందు అది. ఎలుక ప్లాస్మాలో చకచకా విరిగిపోతుంది, మనిషి ప్లాస్మాలో నిలుస్తుంది. కాలేయం చేరాక సీఈఎస్1 దాన్ని తెంచుతుంది. మింగిన మోతాదులో కనీసం 75 శాతం పనిచేసే ఆమ్లంగా రక్తంలోకి వస్తుంది. ఎలుక ఫలితం ఒక్కటే చూసి తీర్పు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

కాబట్టి మనిషి ప్లాస్మా, మనిషి కాలేయ మైక్రోసోములు (కణాలను నలిపి తీసిన, ఎంజైములున్న పొర ముక్కలు), మనిషి పేగు మైక్రోసోములు మూడింట్లో పరీక్షించండి. పేగులో ప్రధానంగా ఉండేది సీఈఎస్1కు బంధువైన సీఈఎస్2. ఆమ్లం వైపు పెద్దగా, ఆల్కహాల్ వైపు చిన్నగా ఉంటే సీఈఎస్1కు ఇష్టం, మీ ఇథైల్ ఎస్టర్ ఈ కోవదే. తిరగబడితే సీఈఎస్2కు ఇష్టం, క్యాన్సర్ మందు ఇరినోటెకాన్‌లా.

మైక్రోసోములతో పరీక్ష ఇలా చేయండి: పీహెచ్ 7.4 ఉన్న 100 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో, మిల్లీలీటరుకు 0.2 మి.గ్రా. మైక్రోసోమ్ ప్రొటీన్, 1 మైక్రోమోలార్ మందు, 37 డిగ్రీలు. సీవైపీ ఎంజైములు పనిచేయడానికి కావాల్సిన ఎన్‌ఏడీపీహెచ్ వేయకండి. కార్బాక్సిలెస్టరేజ్‌లకు అది అక్కర్లేదు. వేస్తే సీవైపీలు కూడా మేల్కొని లెక్క కలగాపులగం చేస్తాయి. డీఎంఎస్‌వో వంటి ద్రావకాలు మొత్తం మీద అర శాతం మించకుండా చూడండి. 0, 5, 15, 30, 60 నిమిషాలకు 50 మైక్రోలీటర్లు తీసి, ఇంటర్నల్ స్టాండర్డ్ (కొలతను సరిచూసుకునే తెలిసిన పదార్థం) కలిపిన 200 మైక్రోలీటర్ల చల్లటి ఎసిటోనైట్రైల్‌లో వేయండి. మిథనాల్ వాడకండి. క్లోపిడోగ్రెల్ మీద పనిచేసినవాళ్లకు ఇది బాగా తెలుసు: శాంపిల్లో ఉన్న దాని ఎసైల్ గ్లూకురొనైడ్ (ఆ ఆమ్లానికి కాలేయం చక్కెర జాతి అణువు తగిలించిన రూపం) మిథనాల్‌తో కలిసి తిరిగి క్లోపిడోగ్రెల్‌గా మారి, లేని మందు ఉన్నట్టు చూపిస్తుంది. ఎస్టర్ తగ్గడం ఒక్కటే కాదు, ఆమ్లం పెరగడం కూడా కొలవండి. రెండూ కలిపితే మొదట వేసిన మొత్తం రావాలి. రాకపోతే మందు గొట్టానికి అంటుకుందో, మరో దారిలో పోయిందో చూడాలి.

కంట్రోళ్లు రెండు తప్పనిసరి. ఒకటి బఫర్ మాత్రమే, మరొకటి 100 మైక్రోమోలార్ బీఎన్‌పీపీ (కార్బాక్సిలెస్టరేజ్‌ను అడ్డుకునే రసాయనం) ముందుగా కలిపి అయిదు నిమిషాలు ఉంచినది. బీఎన్‌పీపీతో విరగడం ఆగితే పని కార్బాక్సిలెస్టరేజ్‌దే. బఫర్‌లోనే విరుగుతుంటే అది మీ అణువు బలహీనత, ఎంజైమును అనవద్దు. ఫ్రీజర్లో దాచిన ప్లాస్మా కరిగాక కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ 8 దాకా ఎక్కవచ్చు, అప్పుడు ఎస్టర్ దానంతటదే తెగుతుంది. సరిచేశాకే మొదలుపెట్టండి.

తర్వాత జంతువులకు ఇచ్చినప్పుడు సిరంజి నుంచి ఫ్రీజర్ దాకా పట్టే కాసేపట్లోనే ఎలుక రక్తం మీ శాంపిల్‌ను తినేస్తుంది. ఎంజైమును అడ్డుకునే ఇన్హిబిటర్‌ను ట్యూబులో ముందే వేసి, ఐసు మీద రక్తం తీయండి. కుక్క ప్లాస్మాలో ఈ ఎంజైము లేదు కానీ కుక్క పేగులోనూ దాదాపు లేదు, కాబట్టి పేగులో ఏం జరుగుతుందో కుక్క చెప్పలేదు. పేగుకు నమూనాగా ల్యాబుల్లో వాడే కాకో-2 కణాలతోనూ జాగ్రత్త, మనిషి పేగుకు భిన్నంగా వాటిలో సీఈఎస్1దే పైచేయి.

ప్రశ్న: మా అత్తగారికి లివర్ సిరోసిస్. బీపీకి ఎనలాప్రిల్ ఆపి లిసినోప్రిల్ రాశారు. రెండూ ఒకే రకం మందులే కదా?
– ఓ పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: రకం ఒకటే. ఎనలాప్రిల్ మాత్రం కాలేయంలో సీఈఎస్1 తెంచి ఎనలాప్రిలాట్‌గా మార్చితేనే పనిచేస్తుంది. దెబ్బతిన్న కాలేయంలో ఆ మార్పు మందగిస్తుంది. లిసినోప్రిల్ మింగిన రూపంలోనే పనిచేసి మూత్రంలో పోతుంది. కాబట్టి మార్పు సబబే. అయితే పొట్టలో నీరు చేరితే ఈ రకం మందులన్నీ కిడ్నీలను దెబ్బతీయగలవు. పొట్ట ఉబ్బినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పి క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించండి.