దరువు పడితే లైట్లు మసకబారుతున్నాయా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మేం డిప్లొమా ఆటోమొబైల్ విద్యార్థులం. తుక్కుకు పోబోయే మారుతీ 800ని క్లబ్ తరఫున కొని, ఇంజన్ విప్పి బిగించాం. నాలుగు ఛానెళ్ల ఆంప్ (స్పీకర్లకు శక్తినిచ్చే ఆంప్లిఫయర్, ఛానెల్‌కు 50 వాట్లు), సబ్‌వూఫర్‌కు (బేస్ మాత్రమే పలికే పెద్ద స్పీకర్, సబ్) విడిగా 300 వాట్ల ఆంప్ పెట్టాం. దరువు పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. ఒక ఫారడ్ కెపాసిటర్ (కరెంటును కాసేపు దాచి వెంటనే ఇచ్చే పరికరం) పెట్టమని షాపులో అంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: వద్దు. ఆ డబ్బు కేబుల్‌కు పెట్టండి. ఒక ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కు దిగేలోపు ఇచ్చేది 26 జౌళ్లే. మీ పెద్ద ఆంప్ పూర్తి జోరులో ఉంటే సెకనులో పదో వంతు గడవకముందే దాన్ని తాగేస్తుంది. ఖాళీ అయిన కెపాసిటర్‌ను మళ్లీ నింపాల్సిందీ బండి డైనమోయే (ఆల్టర్నేటర్).

లెక్క చూడండి. మీ సబ్ ఆంప్ క్లాస్ డి రకం అనుకుందాం, దాని సామర్థ్యం సుమారు 80 శాతం. స్పీకర్‌కు 300 వాట్లు ఇవ్వడానికి 375 వాట్లు లాగుతుంది, అంటే 13.8 వోల్టుల దగ్గర 27 ఆంపియర్లు. నాలుగు ఛానెళ్ల చిన్న ఆంప్ క్లాస్ ఏబీ (సామర్థ్యం తక్కువున్న రకం) అయితే మరో 24. పాటలో సగటున ఇందులో మూడో వంతుకు మించదు గానీ, దరువు పడిన క్షణంలో మొత్తం కావాలి. ఐడిలింగ్‌లో డైనమో తన పూర్తి కరెంటు ఇవ్వదు. దానిలోనే హెడ్‌లైట్లకు 8 ఆంపియర్లు పోతాయి.

ముందు తప్పు ఎక్కడుందో మీటరుతో పట్టుకోండి. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంచి, బేస్ ఎక్కువున్న పాట పెట్టి, బ్యాటరీ దగ్గరా, ఆంప్ టెర్మినళ్ల దగ్గరా వోల్టేజీ చూడండి. తేడా అర వోల్టు దాటితే కేబుల్ లోపమో, ఎర్త్ (బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగివెళ్లే దారి) లోపమో. రెండుచోట్లా కలిసి పడిపోతే బ్యాటరీ, డైనమో చాలడం లేదు.

కేబుల్ 25 స్క్వేర్ ఎంఎం రాగిది వాడండి. 5 మీటర్ల పొడవున 50 ఆంపియర్లకు 0.2 వోల్టు కూడా పోదు. 4 స్క్వేర్ ఎంఎం అయితే 1.1 వోల్టు పోతుంది, వైరూ వేడెక్కుతుంది. రాగి పూత వేసిన అల్యూమినియం తీగను రాగి ధరకు అంటగడతారు, కొనేటప్పుడు తీగ గీరి చూడండి. 80 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అది కాపాడేది ఆంప్‌ను కాదు, కేబుల్‌ను. ఇంజన్ గదిలోంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ లేకపోతే రేకు అంచు తొడుగును కోసేస్తుంది, మంటలు లేస్తాయి. పాత బండి కదా, బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీలు కూడా మార్చేయండి. తుప్పు పట్టిన ఆ పట్టీలే చాలాసార్లు అసలు దొంగలు.

ఇంత చేసినా చాలకపోతే పెద్ద ఆంప్ తీసేయడమే మా సలహా. నాలుగు ఛానెళ్లలో ముందు రెండు తలుపు స్పీకర్లకిచ్చి, వెనుక రెండూ బ్రిడ్జ్ చేసి (రెండు ఛానెళ్లను ఒకటిగా కలిపి) సబ్‌కివ్వండి. సబ్ 4 ఓమ్‌లకు తగ్గకూడదు, ఎందుకంటే బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో ఛానెల్‌కు అది 2 ఓమ్‌లుగా కనిపిస్తుంది. ఆంప్ పుస్తకంలో బ్రిడ్జ్‌కు 4 ఓమ్‌లు ఒప్పుకుంటేనే కలపండి. అంత చిన్న బండిలో ఆ మోత సరిపోతుంది.

ప్రశ్న: ఆక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో కీచుమనే శబ్దం పెరుగుతోంది. ఎలా పోగొట్టాలి?

జవాబు: స్టీరియో నుంచి పాటను ఆంప్‌కు తెచ్చే ఆర్‌సీఏ వైర్లను ఆంప్ దగ్గర ఊడదీయండి. శబ్దం ఆగితే అది స్టీరియో వైపు నుంచో, ఆ వైర్ల దారిలోంచో వస్తోంది. పవర్ కేబుల్ బండికి ఒక పక్క, ఆర్‌సీఏ మరో పక్క నడపండి. ఆంప్‌లు రెంటికీ ఒకే ఎర్త్ బోల్టు, వైరు పొడవు 45 సెంటీమీటర్ల లోపు. అక్కడ రంగు పూర్తిగా గీకి మెరిసే లోహం తేల్చి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు పూయండి. డిక్కీలో డ్రిల్ పెట్టేముందు బండి కింద దూరి పెట్రోలు ట్యాంకు, పైపులు ఎక్కడున్నాయో చూసి తీరాలి.

ప్రశ్న: 10 అంగుళాల సబ్‌కు మూసిన పెట్టె కొలతలు చెప్పండి.

జవాబు: సబ్‌తో వచ్చిన కాగితంలో ఎన్ని లీటర్లన్నదే ప్రమాణం. 24 లీటర్లు అడిగితే లోపలి కొలతలు 36 × 36 × 20 సెం.మీ. తీసుకోండి. 25.9 లీటర్లు వస్తుంది, సబ్ వెనుక భాగం రెండు లీటర్ల దాకా ఆక్రమిస్తుంది. 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక), కలప జిగురు, 15 సెంటీమీటర్లకో స్క్రూ. లోపలి మూలలకు సిలికోన్ పూశాక ఒక రోజు ఆరనివ్వండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆవిరి సబ్ అంచునూ, జిగురునూ పాడుచేస్తుంది.

ప్రశ్న: ఆంప్ మీది గెయిన్ (వచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) ఎంత పెట్టాలి?

జవాబు: స్పీకర్లు ఊడదీసి, ఈక్వలైజర్ ఆపి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దగ్గర పెట్టి, 0 డెసిబెల్ 50 హెర్ట్జ్ టోన్ వేయండి. తలుపు ఛానెళ్లకు హైపాస్ (బేస్‌ను ఆపే ఫిల్టర్) అప్పటికి ఆపాలి. మీటరు ఏసీలో పెట్టి, 50 వాట్లు 4 ఓమ్‌లకైతే 14.1 వోల్టులు, 300 వాట్లు 4 ఓమ్‌లకైతే 34.6 వోల్టులు వచ్చేదాకా తిప్పండి. తర్వాత తలుపు స్పీకర్లకు హైపాస్, సబ్‌కు లోపాస్ (బేస్‌నే పోనిచ్చే ఫిల్టర్), రెండూ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. బేస్ ఇంకా పల్చగా ఉంటే గెయిన్ జోలికి పోకుండా సబ్ వైర్లు తారుమారు చేసి వినండి, ఫేజ్ తిరగబడి, సబ్ మిగతా స్పీకర్లకు ఎదురుగా కదులుతూ ఉండొచ్చు.